‘పారాచూట్’ అని వెతికితే దొరికిన గ్లైడర్

1852 సెప్టెంబర్ 25, శనివారం. లండన్ నుంచి వెలువడే ‘మెకానిక్స్ మ్యాగజీన్’ అనే వారపత్రిక ఆ రోజు సంచిక మొదటి పేజీలో ఒక చెక్కుడు బొమ్మ అచ్చయింది. గాలిపటంలా పరచిన వెడల్పాటి గుడ్డ రెక్క, దాని కింద చక్రాల మీద నిలిచిన పడవలాంటి తొట్టి, వెనుక తోక. ఈనాటి స్కూలు పిల్లవాడికి చూపించినా ఇది గ్లైడర్ అని చెప్పేస్తాడు. బొమ్మ పైన ఉన్న శీర్షికలో మాత్రం ఆ మాట లేదు. అక్కడ ఉన్నది ‘సర్ జార్జ్ కేలీ గారి అదుపు చేయగల పారాచూట్లు’ అన్న అర్థం వచ్చే మాట. మనిషిని మోయగల, నడిపేవాడి అదుపులో ఉండే, స్థిర రెక్కల గ్లైడర్ ఎలా ఉండాలో దాదాపు పూర్తిగా వివరించిన ఈ వ్యాసం ఇరవయ్యో శతాబ్దం నడిమి దాకా చరిత్రకారుల దృష్టికి సరిగా రాలేదు. పత్రిక పోయిందని కాదు, పెద్ద గ్రంథాలయాల్లో బైండు చేసిన సంపుటాలు ఉండనే ఉన్నాయి. గ్లైడింగ్ చరిత్ర కోసం ‘పారాచూట్’ అన్న శీర్షిక కింద చూడాలన్న ఆలోచన ఎవరికీ రాకపోవడమే అసలు ఇబ్బంది.

ఇప్పుడు ఆ సంపుటం ఇంట్లో కూర్చునే చూడవచ్చు. ‘మెకానిక్స్ మ్యాగజీన్’ ఒక్కటే కాదు; ఫ్రెంచి, జర్మన్, ఇంగ్లిష్ భాషల్లో పందొమ్మిదో శతాబ్దం నడుమ నుంచి రెండో ప్రపంచ యుద్ధం దాకా వచ్చిన విమానయాన పత్రికల్లో చాలా భాగం స్కానింగ్ అయి, ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయం వారి డిజిటల్ భాండాగారం ‘గాలికా’లోనో, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోనో, హాతీట్రస్ట్‌లోనో ఉంది. ఈ రాశి వల్ల గ్లైడింగ్ చరిత్ర రాసే పద్ధతే కొంత మారింది. ఆనాటి పత్రికలు జరిగినదాన్ని నమోదు చేసిన సాక్షులు మాత్రమే అనుకోవడం పొరపాటని ఈ ప్రతులను వరుసగా చదివితే తెలుస్తుంది. ఒక దేశంలో కొండ మీద నుంచి దూకినవాడు కొలిచిన అంకె మరో దేశంలో వర్క్‌షాపులో కూర్చున్నవాడికి చేరిన దారి పత్రికే. అంకెతో పాటు తప్పు కూడా అదే దారిన చేరింది. కాబట్టి ఎవరు ముందు ఎగిరారన్న తగువు కన్నా, ఏ అంకె, ఏ మాట, ఏ బొమ్మ ఎక్కడి నుంచి ఎక్కడికి నడిచిందో పట్టుకోవడమే ఈ ప్రతుల వల్ల జరిగిన పెద్ద మేలు. ఆ పని చేసేటప్పుడు వెతుకుడు పెట్టెను (సెర్చ్ బాక్స్‌ను) గుడ్డిగా నమ్మితే ఎక్కడ దెబ్బ తింటామో కూడా ఇక్కడ చెప్పుకోవాలి.

ముందుగా మాటల సంగతి. ఇంజను లేని యంత్రం గాలిలో జారుతూ మెల్లగా కిందికి దిగడం గ్లైడింగ్. పైకి లేచే గాలి ఆసరాతో ఎత్తు కోల్పోకుండా, వీలైతే ఎత్తు పెంచుకుంటూ తిరగడం సోరింగ్. మిట్టమధ్యాహ్నం గద్ద రెక్క ఆడించకుండా చక్కర్లు కొట్టేది ఇదే. ఫ్రెంచివారు మొదటిదాన్ని ‘వోల్ ప్లానే’ అనీ, రెండోదాన్ని ‘వోల్ ఆ వ్వాల్’, అంటే తెరచాప ఎగురుడు, అనీ అంటారు. జర్మన్‌లో ‘గ్లైట్‌ఫ్లూగ్’, ‘జేగెల్‌ఫ్లూగ్’ అన్న తేడా ఉంది. ఇప్పుడు ఇంత స్పష్టంగా కనిపించే ఈ విభజన 1890ల నాటి పేజీల్లో ఇలా స్థిరపడలేదు. కొండ వాలు మీద నుంచి దూకి క్షణాల్లో నేల తాకినదాన్ని కూడా కొందరు సోరింగ్ అనేశారు. ‘ఏరోప్లేన్’ అన్న మాట చాలా చోట్ల మొత్తం యంత్రాన్ని కాక రెక్క పలకను మాత్రమే సూచించేది. ‘రెండు ఏరోప్లేన్లు ఒకదాని మీద ఒకటి’ అని ఉంటే రెండు విమానాలు ఢీకొన్నాయని కాదు, రెండంతస్తుల రెక్కలున్నాయని అర్థం.

ఎగిరే యంత్రాల మీద పరిశోధించిన ఇంగ్లిష్‌వాడు కేలీ విషయానికే వస్తే, ఆయన మొదటి పెద్ద వ్యాసం ఒక తప్పుడు వార్త పుణ్యమా అని అచ్చయింది. వియన్నాలో యాకోబ్ డేగెన్ అనే గడియారాల పనివాడు రెక్కలు కట్టుకుని ఎగిరాడని 1809లో పత్రికల్లో వచ్చింది. అతణ్ని పైకి లేపడంలో ఒక బెలూన్ సాయం ఉందన్న సంగతి ఆ వార్తలో లేదు. తన పదేళ్ల పరిశోధన వెనుకబడిపోతుందేమోనని కేలీ తన లెక్కలను ‘నికల్సన్స్ జర్నల్’కు పంపాడు. 1809 నవంబర్, 1810 ఫిబ్రవరి, మార్చి సంచికల్లో మూడు భాగాలుగా వచ్చిన ఆ వ్యాసం ఎగరడమనే సమస్యను రెక్కాడించడం నుంచి విడదీసింది. బరువును మోసే పని స్థిరంగా ఉన్న పలకది, ముందుకు నడిపే పని వేరే శక్తిది అని తేల్చింది. ఆనాటి వార్తాపత్రికలూ ఈ జర్నల్ సంచికలూ పక్కపక్కన తెరలో పెట్టుకుని చదివే వీలు లేనప్పుడు ఈ కారణకార్య సంబంధం పుస్తకాల్లో అధోసూచికగా మిగిలేది. ఇప్పుడు నేరుగా కంటికి కనిపిస్తుంది.

అదే కేలీ 1853లో యార్క్‌షైర్‌లోని బ్రాంప్టన్ డేల్ లోయ మీదుగా తన గుర్రపుబండి తోలేవాణ్ని గ్లైడర్‌లో పంపాడన్న కథ ప్రసిద్ధం. దిగగానే ఆ బండివాడు, తనను బండి తోలడానికి కుదుర్చుకున్నారే గానీ ఎగరడానికి కాదని చెప్పి పని మానేస్తానన్నాడట. ఈ మాటకు మూలం ఆనాటి పత్రిక కాదు. చిన్నతనంలో ఆ దృశ్యం చూసిన కేలీ మనవరాలు చాలా దశాబ్దాల తర్వాత, ముసలితనంలో చెప్పిన జ్ఞాపకం. కథ అబద్ధమని దీని అర్థం కాదు. ముందు ఏడాది అచ్చయిన బొమ్మకూ, డెబ్బై ఏళ్ల నాటి జ్ఞాపకానికీ ఒకే బరువు ఇవ్వలేమన్నదే విషయం. కాలిఫోర్నియాలో జాన్ మాంట్‌గొమరీ గ్లైడింగ్ తేదీ 1883 అని కొందరు, 1884 అని కొందరు ఇప్పటికీ వాదించుకోవడానికి కూడా ఇలాంటి ఎడమే కారణం. ఆ ప్రయోగాల వివరం షనూట్ వ్యాసమాలలో అచ్చయ్యేసరికి పదేళ్లు గడిచిపోయాయి.

ఆక్టేవ్ షనూట్ పేరు ఇక్కడ కాసేపు నిలపాలి. రైల్వే వంతెనలు కట్టి పేరు తెచ్చుకున్న ఈ షికాగో ఇంజనీరు 1891 నుంచి ‘రైల్‌రోడ్ అండ్ ఇంజనీరింగ్ జర్నల్’ (తర్వాతి పేరు ‘అమెరికన్ ఇంజనీర్ అండ్ రైల్‌రోడ్ జర్నల్’)లో ఎగిరే యంత్రాల చరిత్రను ధారావాహికంగా రాశాడు, 1894లో అది పుస్తకమైంది. రైలు ఇంజన్ల బాయిలర్ల గురించిన వ్యాసాల మధ్య, ఉద్యోగ ప్రకటనల పక్కన, ఫ్రెంచి నావికుడు కట్టిన కృత్రిమ పక్షి గురించిన పేరాలు కనిపించడం స్కాన్ ప్రతిని చూసినప్పుడే తెలిసే వింత. ఎగరడాన్ని పిచ్చివాళ్ల వ్యవహారంగా చూసే రోజుల్లో వృత్తి ఇంజనీర్లు చదివే పత్రికలో దానికి చోటు దొరకడం వల్ల వచ్చిన గౌరవం, ఆ వ్యాసాలను పుస్తక రూపంలో మాత్రమే చదివితే అర్థం కాదు. షనూట్ తానే 1896 వేసవిలో మిషిగన్ సరస్సు ఒడ్డున ఇసుక దిబ్బల మీద గ్లైడర్లు ఎగిరించే బృందాన్ని నడిపించాడు. ఆ బృందంలోని ఆగస్టస్ హెరింగ్ రెండు రెక్కల గ్లైడర్‌తో 14 సెకన్లలో 359 అడుగులు వెళ్లాడు. ఆ ఫలితాలు బోస్టన్‌లో జేమ్స్ మీన్స్ అచ్చువేసిన ‘ఏరోనాటికల్ యాన్యువల్’లో వచ్చాయి. 1895, 1896, 1897 సంవత్సరాలకు మూడంటే మూడే సంచికలు వెలువడిన ఈ వార్షిక పత్రిక ప్రభావం చాలా ఏళ్లు నడిచిన పత్రికల కన్నా ఎక్కువ. 1899 మే 30న విల్బర్ రైట్ స్మిత్సోనియన్ సంస్థకు ఉత్తరం రాసి ఎగరడం మీద ఏమేం చదవాలని అడిగినప్పుడు, వచ్చిన జాబితాలో షనూట్ పుస్తకంతో పాటు ఈ మూడు సంచికలూ ఉన్నాయి.

ఆ 1897 సంచికలో ఒక పట్టిక ఉంది. మొత్తం గ్లైడింగ్ చరిత్రలో ఇంత దూరం నడిచిన, ఇంత అపార్థానికి గురైన పట్టిక మరొకటి లేదు. అది జర్మన్ ఇంజనీరు ఆట్టో లిలియెంటాల్‌ది. 1889లో పక్షుల ఎగురుడు మీద గ్రంథం రాసి, 1891 నుంచి బెర్లిన్ చుట్టుపక్కల కొండల మీద నుంచి గ్లైడింగ్ చేసి, 1894లో లిష్టర్‌ఫెల్డేలో ఎగరడానికే ఒక కృత్రిమ మట్టిదిబ్బ పోయించి, దాదాపు 2000 సార్లు గాలిలోకి దూకినవాడు. ఆయన నివేదికలు బెర్లిన్ నుంచి వచ్చే ‘త్సైట్‌ష్రిఫ్ట్ ఫ్యూర్ లుఫ్ట్‌షిఫ్‌ఫార్ట్’లో వరుసగా వచ్చేవి. అచ్చు యంత్రం మీద ఫోటోలను చుక్కలుగా విడగొట్టి ముద్రించే హాఫ్‌టోన్ పద్ధతి అప్పుడే అందుబాటులోకి రావడంతో, గాలిలో వేలాడుతున్న మనిషి ఫోటో లోకమంతా తిరిగింది. బొమ్మగా వేస్తే ఎవరూ నమ్మని సంగతి అది. 1896 ఆగస్టు 9న ఆయన గ్లైడర్ కూలింది, మరునాడు బెర్లిన్‌లో చనిపోయాడు.

ఆ పట్టిక చెప్పేది ఇది. చదునైన పలకను గాలికి ఎదురుగా నిలువునా నిలబెడితే దాని మీద పడే ఒత్తిడిని 1 అనుకుంటే, కొద్దిగా వంపు ఉన్న రెక్క ఇన్ని డిగ్రీల కోణంలో దానిలో ఎన్నో వంతు బరువును మోస్తుంది. అంటే పట్టికలో ఉన్నవి నిష్పత్తులు. వాటిని పౌన్లలోకి మార్చాలంటే నిలువు పలక మీద ఒత్తిడి ఎంతో చెప్పే మరో అంకె కావాలి. ఇంగ్లిష్ ఇంజనీర్లు దానికోసం వాడుతూ వచ్చింది 1759లో జాన్ స్మీటన్ గాలిమరల మీద రాసిన పరిశోధన పత్రం నుంచి వచ్చిన 0.005. గంటకు 1 మైలు వేగంతో వీచే గాలి 1 చదరపు అడుగు పలక మీద 0.005 పౌన్ల ఒత్తిడి కలిగిస్తుందన్నమాట. వేగం పెరిగితే దాని వర్గం చొప్పున ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి, 20 మైళ్ల గాలిలో అది 2 పౌన్లు కావాలి. లిలియెంటాల్ మెట్రిక్ కొలతల్లో వాడిన 0.13 కూడా లెక్కకు దాదాపు ఇంతే. నిజానికి ఆ విలువ 0.0033 దరిదాపుల్లో ఉంటుంది. అదే 20 మైళ్ల గాలిలో 2 పౌన్లకు బదులు 1.3 పౌన్లే. నూట నలభై ఏళ్లకు పైగా పుస్తకం నుంచి పుస్తకానికి, పత్రిక నుంచి పత్రికకు ఎత్తిరాతగా వచ్చిన ఈ అంకెను మధ్యలో అనుమానించినవారు లేకపోలేదు. అమెరికా శాస్త్రవేత్త శామ్యూల్ లాంగ్లీ 1891లోనే చాలా తక్కువ విలువ కొలిచి ప్రకటించాడు. అయినా పాత అంకెదే రాజ్యం.

1901 వేసవిలో రైట్ సోదరులు లిలియెంటాల్ పట్టికనూ స్మీటన్ అంకెనూ కలిపి లెక్కవేసి, 22 అడుగుల రెక్క, 290 చదరపు అడుగుల వైశాల్యంతో గ్లైడర్ కట్టి కిటీ హాక్ ఇసుక దిబ్బలకు తీసుకెళ్లారు. అది లెక్క చెప్పిన దానిలో మూడో వంతు బరువే మోసింది. సెప్టెంబర్ 18న షనూట్ పిలుపు మీద విల్బర్ షికాగోలో ఇంజనీర్ల సంఘం ముందు ప్రసంగించి, లిలియెంటాల్ పట్టిక మీద అనుమానం వెలిబుచ్చాడు. ఆ ప్రసంగం ‘జర్నల్ ఆఫ్ ది వెస్టర్న్ సొసైటీ ఆఫ్ ఇంజనీర్స్’ డిసెంబర్ సంచికలో అచ్చయింది. ఈ రెండు తేదీల మధ్య జరిగినదే అసలు కథ. సోదరులు మొదట ఒక సైకిల్ హ్యాండిల్ ముందు మూడో చక్రాన్ని అడ్డంగా బిగించి, దాని అంచున ఒక చోట చదునైన పలకను, మరో చోట వంపు పలకను నిలిపి డేటన్ వీధుల్లో జోరుగా తొక్కారు. లిలియెంటాల్ లెక్క ప్రకారం వంపు పలక 5 డిగ్రీల కోణంలో ఉంటే రెండు ఒత్తిళ్లూ సరిపోయి చక్రం కదలకుండా నిలవాలి. వారికి 18 డిగ్రీలు కావలసి వచ్చింది. తర్వాత సైకిల్ షాపులోనే 6 అడుగుల చెక్కపెట్టెతో విండ్ టన్నెల్ (లోపలికి గాలి ఊది రెక్కలను పరీక్షించే గొట్టం) చేసుకుని, రంపపు బ్లేడు ముక్కలతో, సైకిల్ చువ్వల తీగతో త్రాసులు కట్టి, దాదాపు 200 రకాల చిన్న రెక్కలను పరీక్షించారు. తేలిందేమిటంటే, లిలియెంటాల్ పట్టిక ఆయన వాడిన రెక్క ఆకారానికి చాలావరకు సరైనదే. తప్పు ప్రధానంగా స్మీటన్ అంకెది. దానితో పాటు రైట్ సోదరుల రెక్క పొట్టిగా, వెడల్పుగా ఉండడం, దాని వంపు వేరుగా ఉండడం.

ఇప్పుడు వెతుకుడు పెట్టెలో లిలియెంటాల్, పట్టిక, రైట్ అని కొట్టి చూడండి. ముందుగా తగిలేది 1901 డిసెంబర్ సంచికలోని అనుమానమే. అచ్చుకు ముందు విల్బర్ తన విమర్శ ఘాటు కొంత తగ్గించాడని తమ్ముడు ఆర్విల్ అనుమతితో 1943లో వచ్చిన జీవిత చరిత్ర చెబుతుంది. అయినా అనుమానం అచ్చులో మిగిలింది. దాన్ని సవరించే విండ్ టన్నెల్ కొలతలు ఆ రోజుల్లో ఏ పత్రికకూ వెళ్లలేదు. అవి నోటు పుస్తకాల్లో, షనూట్‌కు రాసిన ఉత్తరాల్లో ఉండిపోయి, 1953లో రైట్ సోదరుల పత్రాల సంకలనం వచ్చాకే పూర్తిగా వెలుగు చూశాయి. 1908లో ‘సెంచురీ మ్యాగజీన్’లో సోదరులు రాసిన వ్యాసం కూడా, తాము నమ్మి మొదలుపెట్టిన పాత లెక్కలన్నిటినీ చివరికి పక్కన పడేశామన్న ధోరణిలోనే ఉంది. ఆ వాక్యమే పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కి, లిలియెంటాల్ లెక్కలు తప్పు, రైట్ సోదరులవి ఒప్పు అన్న తేలిక కథగా స్థిరపడింది. విల్బర్ చనిపోయాక 1912 సెప్టెంబర్‌లో అమెరికా ఏరో క్లబ్ బులెటిన్‌లో వచ్చిన ఆయన వ్యాసం, పందొమ్మిదో శతాబ్దంలో ఎగురుడు సమస్యను పట్టుకున్నవారందరిలో లిలియెంటాల్‌నే అగ్రస్థానంలో నిలిపింది. 1901 ప్రసంగం, ఉత్తరాలు, 1908 వ్యాసం, 1912 వ్యాసం, ఈ నాలుగింటినీ తేదీల వరుసలో పక్కపక్కన పెట్టి చదవాలి. అచ్చులో ఉన్న పత్రిక ఒక వాదానికి సగం మాత్రమే. మిగతా సగం ఉత్తరాల్లో ఉంది. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఆ ఉత్తరాలను కూడా డిజిటల్ చేసింది కాబట్టి సరిపోయింది గానీ, ఇలా రెండు సగాలూ దొరికిన ఉదంతాలు తక్కువ.

రైట్ సోదరుల గ్లైడర్ల సంగతి ఫ్రాన్స్‌కు చేరిన తీరు మరో రకం పాఠం. షనూట్ 1903 ఏప్రిల్ 2న పారిస్‌లో ఏరో క్లబ్ విందులో మాట్లాడాడు. అదే ఏడాది ఆగస్టులో ‘లాయెరొఫిల్’ పత్రిక రైట్ సోదరుల 1902 గ్లైడర్ కొలతలు, రేఖాచిత్రాలు, ఫోటోలతో ఆయన వ్యాసం వేసింది. గాలికాలో ఆ పేజీలు తెరిచి చూస్తే, అవి చదివి ఒక వడ్రంగి యంత్రం కట్టేయవచ్చని అనిపిస్తుంది. ఫ్రెంచివాళ్లు నిజంగానే కట్టారు. 1904 వసంతంలో బెర్క్ సముద్రతీరంలో ఎర్నెస్ట్ ఆర్ష్‌డకన్ చేయించిన గ్లైడర్‌ను పరీక్షించారు. రాబెర్ ఎస్నో-పెల్ట్రీ తానూ ఒకటి కట్టాడు. ఆకారం వచ్చింది గానీ అదుపు రాలేదు. రెక్కల కొసలను మెలితిప్పడం, వెనుక చుక్కానిని దానితో కలిపి తిప్పడం అన్న రెండు పనులూ ఒకదానికొకటి ఎలా తోడవుతాయో ఆ వ్యాసం చదివినవారికి స్పష్టం కాలేదు. రైట్ సోదరుల పేటెంటు దరఖాస్తు అప్పటికి పరిశీలనలో ఉంది, 1906 మేలో గానీ మంజూరు కాలేదు. రెక్కను మెలితిప్పడం ప్రమాదమని నిర్ణయానికి వచ్చిన ఎస్నో-పెల్ట్రీ, దానికి బదులు రెక్కల దగ్గర కదిలే చిన్న పలకలు అమర్చి చూశాడు. ఆ ప్రయోగం 1905లో మళ్లీ ‘లాయెరొఫిల్’లోనే అచ్చయింది. ఈనాటి ప్రతి విమానం రెక్క చివర ఉండే ఎయిలెరాన్ వంశవృక్షంలో ఒక కొమ్మ అది. అరకొరగా అందిన వ్యాసం వల్ల నష్టమే జరగాలని లేదు.

డిజిటల్ ప్రతుల లోపాలు చెప్పకుండా ఈ విషయం ముగియదు. గ్లైడర్ రేఖాచిత్రం సాధారణంగా పేజీలో పట్టదు కాబట్టి మడతపెట్టిన పెద్ద కాగితంగా సంపుటంలో కుట్టేవారు. హడావుడిగా జరిగిన సామూహిక స్కానింగ్‌లో చాలా చోట్ల ఆ మడత విప్పలేదు. తెరమీద కనిపించేది రెక్క కొస ఒకటి, పైన సగం శీర్షిక, అంతే. నలుపు-తెలుపు రెండే రంగుల్లో స్కాన్ చేసిన ప్రతుల్లో హాఫ్‌టోన్ ఫోటో సిరా మరకగా మారుతుంది. మనిషి ఎక్కడ, కొండ ఎక్కడ అన్నది ఊహించుకోవలసిందే. గ్రంథాలయాలు బైండు చేయించేటప్పుడు అట్టలను, ప్రకటనల పేజీలను తీసేయించేవి; దానితో ఎవరు ఏం అమ్మారు, ఎంతకు అమ్మారు అన్న సమాచారం పోయింది, కొన్నిచోట్ల సంచిక తేదీ కూడా అట్టతో పాటే పోయింది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా ప్రతుల్లో పాత తెలుగు పుస్తకాలు వెతికినవారికి తప్పిపోయిన పేజీలు, మారిపోయిన పేర్లు కొత్త కాదు. పారిస్, బెర్లిన్ సంపుటాల్లోనూ ఆ బాధ కొంత ఉంటుంది.

అక్షరాల గుర్తింపు, అంటే ఓసీఆర్, ఇంకో గండం. తెలుగులో మ, య తారుమారైనట్టే, ఆనాటి జర్మన్ ముద్రణలో ఎక్కువగా వాడిన ఫ్రాక్టూర్ లిపిలో పొడవాటి ‘ఎస్’ను యంత్రం ‘ఎఫ్’గా చదువుతుంది. స్పెల్లింగ్ మార్పులు వేరే చిక్కు. 1996 నాటి జర్మన్ సంస్కరణ తర్వాత ‘లుఫ్ట్‌షిఫ్‌ఫార్ట్’ అన్న మాటలో రెండు ‘ఎఫ్’ల చోట మూడు రాయాలి, ఈనాటి స్పెల్లింగ్‌తో వెతికితే ఆ పేరున్న పత్రికే కనిపించదు. హక్కుల గోల కూడా ఉంది. హాతీట్రస్ట్‌లో అమెరికా నుంచి చూస్తే తెరుచుకునే కొన్ని సంపుటాలు, చూసే దేశాన్ని బట్టి నిబంధనలు మారడం వల్ల హైదరాబాద్ నుంచి చూస్తే తెరుచుకోవు. దాని పేరులోని ‘హాతీ’ మన హిందీ ఏనుగే అయినా సరే. ఇంగ్లండ్‌లో 1909 జనవరి 2న మొదలైన ‘ఫ్లైట్’ వారపత్రిక సంపుటాలు కొన్నేళ్ల పాటు అందరికీ ఉచితంగా తెరిచి ఉండి, తర్వాత ఆ తలుపు మూతపడింది. వాటిని ఆధారంగా ఇచ్చిన లింకులెన్నో ఇప్పుడు ఎక్కడికీ చేరవు.

ఒకే పత్రికను సంపుటం తర్వాత సంపుటంగా చదివితే ఏం కనిపిస్తుందో చెప్పడానికి ‘ఫ్లూగ్‌స్పోర్ట్’ మంచి ఉదాహరణ. ఆస్కార్ ఉర్సినస్ 1908 చివర్లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో మొదలుపెట్టిన ఈ పత్రిక 1944 దాకా నడిచింది. వెర్సాయ్ ఒప్పందం జర్మనీలో ఇంజను విమానాల నిర్మాణానికి అడ్డుకట్ట వేసిన రోజుల్లో, 1920 వసంతంలో ఉర్సినస్ ఇదే పత్రికలో రోన్ కొండల్లోని వాసర్‌కుప్పె మీద గ్లైడింగ్ పోటీకి పిలుపునిచ్చాడు. వచ్చినవారిలో ఎక్కువమంది ఇంజనీరింగ్ విద్యార్థులు. ఆ ఏడు ఆఖెన్ నుంచి వచ్చిన వోల్ఫ్‌గాంగ్ క్లెంపరర్ ‘నల్ల దయ్యం’ అనే గ్లైడర్‌తో 2 నిమిషాల 22 సెకన్లలో 1830 మీటర్లు వెళ్లాడు. ఆర్విల్ రైట్ 1911 అక్టోబర్ 24న కిల్ డెవిల్ దిబ్బల మీద గాలిలో నిలిచిన 9 నిమిషాల 45 సెకన్ల రికార్డు అప్పటికీ చెక్కుచెదరలేదు. 1921 ఆగస్టు చివర్లో క్లెంపరరే 13 నిమిషాలు ఉండి దాన్ని దాటాడు. సెప్టెంబర్‌లో ఫ్రీడ్రిష్ హార్ట్ 21 నిమిషాలకు పైగా ఉన్నాడు, అదే ఎగురుడు చివర కూలి తీవ్రంగా గాయపడ్డాడు. 1922 ఆగస్టులో హానోవర్ విద్యార్థుల ‘వాంపైర్’ మీద మార్టెన్స్ గంట దాటితే, వారం తిరక్కుండానే హెన్‌ట్సెన్ మూడు గంటలు దాటాడు. ఆ అక్టోబర్‌లోనే ఇంగ్లండ్‌లోని ఇట్‌ఫర్డ్ కొండ మీద ఫ్రెంచివాడు మనేరోల్ 3 గంటల 21 నిమిషాలు ఉండి డైలీ మెయిల్ పత్రిక పెట్టిన వెయ్యి పౌన్ల బహుమతి పట్టుకుపోయాడు. పదేళ్లు కదలని రికార్డు పద్నాలుగు నెలల్లో నిమిషాల నుంచి గంటలకు ఎగబాకింది. కారణం రెక్క ఒక్కటే కాదు, గాలి వాలును ఢీకొని పైకి లేచే చోటును వదలకుండా కొండ వెంట ఇటూ అటూ తిరగడం అలవాటైంది. ఆ తర్వాత 1926లో మాక్స్ కేగెల్‌ను ఉరుము మేఘం లాక్కుపోయి 55 కిలోమీటర్ల అవతల దించింది. 1929లో రాబర్ట్ క్రోన్‌ఫెల్డ్ 100 కిలోమీటర్లు దాటాడు. 1933 తర్వాతి సంపుటాల్లో మాత్రం, గ్లైడింగ్ క్లబ్బులన్నీ నాజీ ప్రభుత్వ వైమానిక సంఘం గొడుగు కిందికి నెట్టబడిన కాలపు నీడ పడింది. రికార్డులు మాత్రమే ఏరుకునేవాడికి ఆ నీడ కనిపించదు.

కొండవాలు గాలి అయ్యాక మిగిలిన ప్రశ్న చదును నేల మీద గద్ద ఎలా పైకి వెళుతుందన్నది. దీని మీద అత్యంత ఓపికైన పరిశీలనల్లో ఒకటి మన దేశంలో, ఆగ్రాలో జరిగింది. గంగ, యమునల నీటికి కలరా క్రిములను చంపే గుణం ఉందని 1896లో రాసిన బాక్టీరియాలజిస్టు ఎర్నెస్ట్ హాంకిన్, ప్రభుత్వ ఉద్యోగం చేసుకుంటూనే ఏళ్ల తరబడి ఆకాశం వైపు చూస్తూ గడిపాడు. ఆయన రాతలు లండన్ ‘ఏరోనాటికల్ జర్నల్’లో వచ్చాయి. 1913లో పుస్తకంగా వెలువడిన ఆ పరిశీలనలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో చదవవచ్చు. అందులో విలువైనది సిద్ధాంతం కాదు. పైకి లేచే గాలి ప్రవాహాలు చాలవని భావించి, గాలికే ఏదో ప్రత్యేక గుణం ఉందని ఆయన కట్టిన వాదం నిలవలేదు. నిలిచింది గడియారం చూసి రాసుకున్న లెక్క. పొద్దెక్కుతున్న కొద్దీ ఏ పక్షి ఎప్పుడు చక్కర్లు కొట్టడం మొదలుపెడుతుందో ఆయన నమోదు చేశాడు. రెక్క వైశాల్యానికి బరువు తక్కువగా ఉన్న గద్దలు ముందు లేస్తాయి, బరువైన రాబందులు ఎండ ముదిరాక గానీ లేవవు. నేల వేడెక్కి గాలి బుడగలుగా పైకి లేచే తీరును గ్లైడర్ పైలట్లు వాడుకోవడం నేర్చుకోవడానికి పదిహేనేళ్ల ముందే, దాని దినచర్య ఇలా ఆగ్రా ఆకాశం మీద నుంచి కాగితం మీదికి దిగింది. ఈనాటి పైలట్లు అనే ‘థర్మల్’ మాటతో ఆ పుస్తకాన్ని వెతికితే ఈ పేజీలకు చేరలేరు. హాంకిన్ తానే కల్పించుకున్న ‘సోరబిలిటీ’ అన్న మాటతో వెతకాలి. అప్పుడు గద్దలు లేచే వేళ, ఆ వెనుక రాబందులు లేచే వేళ, వరుసగా తెరమీదికి వస్తాయి.